‘ప్యాజెంట్రీ’ అనే మాటకి ఒకప్పుడు చక్రాలుండేవి

బ్రిటన్‌లో రాజుగారి పట్టాభిషేకం జరిగినా, రాణిగారి అంతిమయాత్ర జరిగినా ఇంగ్లిష్ పత్రికలు ఒక జంటపదాన్ని తప్పకుండా బయటికి తీస్తాయి: ‘పాంప్ అండ్ ప్యాజెంట్రీ’. 2022 సెప్టెంబరులో రెండో ఎలిజబెత్ అంత్యక్రియలకీ తీశాయి, 2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకానికీ తీశాయి. అలాంటి వార్త తెలుగులోకి వచ్చేసరికి ‘అంగరంగ వైభవంగా’ అనో, ‘అట్టహాసంగా’ అనో అవుతుంది. అర్థం ఏమీ చెడలేదు. రంగురంగుల దుస్తులు, గుర్రాలు, జెండాలు, బాకాలు, వరుస తప్పని నడక, దారికి రెండు పక్కలా జనం. ఇంత సరంజామాతో నలుగురి ఎదుటా జరిపే వేడుకలోని హంగునే ప్యాజెంట్రీ అంటారు. పైకి హంగేగానీ లోపల సరుకు లేదని ఎత్తిపొడవడానికీ ఇదే మాట వాడతారు. నిఘంటువులు రెండర్థాలూ ఇస్తాయి.

దీనికి మూలపదం ‘ప్యాజెంట్’. మనకి అది ఎక్కువగా వినబడేది అందాల పోటీల దగ్గర. (తెలుగులో చాలామంది ‘పేజెంట్’ అని రాస్తారు, ఇంగ్లిష్‌వాళ్లు పలికేది ‘ప్యాజెంట్’కి దగ్గర.) పట్టాభిషేకానికీ, శవయాత్రకీ, ఈతదుస్తుల పోటీకీ ఒకే మాట ఎలా అతికింది? ఈ చిక్కు విప్పాలంటే రాజుల్ని కాసేపు పక్కన పెట్టి, ఇంగ్లండ్‌లోని యార్క్ అనే ఊళ్లో రాసిపెట్టిన ఒక అద్దె పద్దు చూడాలి.

దానికి ముందు మన మాటల గురించి ఒక ముక్క. ‘ఆడంబరం’ అంటే సంస్కృతంలో మొదట ఒక రకం డోలు, దాని మోత. ‘అట్టహాసం’ అంటే పెద్దగా నవ్విన నవ్వు. రెండూ చెవికి సంబంధించినవే. చప్పుడుగా మొదలై డాబుగా మారాయి. ఇంగ్లిష్ మాట కూడా డాబు దగ్గరికే చేరింది గానీ అది బయల్దేరిన చోటు వేరు. అది బండిని తోసే చేతుల దగ్గర పుట్టింది.

యార్క్ నగరపాలకుల దస్త్రాల్లో 1376 నాటి పద్దు ఒకటుంది. లాటిన్‌లో ఉన్న ఆ ఒక్క వాక్యం చెప్పేది ఇంతే: కార్పస్ క్రిస్టీ పండగ తాలూకు మూడు ‘పాజినా’లు పెట్టిన ఇంటికి ఏడాది అద్దె 2 షిల్లింగులు. ప్యాజెంట్‌కి మూలమని అందరూ ఒప్పుకునే లాటిన్ మాట ఈ ‘పాజినా’యే. సాధారణ లాటిన్‌లో దానికి అర్థం పుస్తకంలోని పుట. ఇంగ్లిష్ ‘పేజ్’, మన వాడుకలోని ‘పేజీ’ దాని నుంచి వచ్చినవే. మూడు పుటల్ని దాచడానికి ఎవరైనా ఇల్లు అద్దెకి తీసుకుంటారా? కాబట్టి 1376 నాటికే యార్క్‌లో పాజినా అంటే చోటు ఆక్రమించే వస్తువు. షెడ్డు కావలసినంత పెద్ద వస్తువు.

ఆ వస్తువు ఒక బండి. కార్పస్ క్రిస్టీ అనేది మే చివర్లోనో జూన్‌లోనో వచ్చే క్రైస్తవ పండగ. ఇంగ్లండ్‌లో పగలు బాగా పొడవుగా ఉండే రోజులవి. ఆ రోజు యార్క్‌లో సృష్టి మొదలు ప్రళయం దాకా బైబిలు కథంతా నాటకాలుగా వేసేవారు. ఇప్పటికి మిగిలిన ప్రతిలో 47 దాకా నాటకాలున్నాయి. ఒక్కో నాటకం ఒక్కో వృత్తిసంఘం వంతు. బండి మీదే వేదిక. బండి ఒక కూడలికి వస్తుంది, నాటకం ఆడతారు, తర్వాతి కూడలికి తోసుకుపోతారు. వెనకాల ఇంకో బండి, ఇంకో నాటకం. ఊళ్లో ఇలాంటి మజిలీలు డజను దాకా ఉండేవి. జనం ఉన్నచోటే నిలబడితే సృష్టి నుంచి ప్రళయం దాకా కళ్ల ముందు నుంచి దొర్లుకుంటూ పోయేది. 1415లో నగర గుమాస్తా రోజర్ బర్టన్ ఏ సంఘం ఏ ఘట్టం వేయాలో జాబితా రాశాడు. నటులు తెల్లవారుజామున నాలుగూ అయిదు గంటల మధ్యే సిద్ధంగా ఉండాలని నగర ప్రకటన హెచ్చరించింది.

పంపకాలు చూస్తే ముచ్చటేస్తుంది. నోవా ఓడ కట్టే ఘట్టం ఓడలు కట్టేవాళ్లది. జలప్రళయం జాలర్లదీ నావికులదీ. బాలయేసుకి బంగారం తెచ్చే తూర్పుదేశపు జ్ఞానుల కథ కంసాలులది. చివరి విందు రొట్టెలు కాల్చేవాళ్లది. శిలువ వేసే ఘట్టం మేకులూ సూదులూ చేసే పిన్నర్లది. భక్తితోపాటు సరుకుల ప్రచారమూ జరిగిందని అనుకోకుండా ఉండలేం. ఆ శిలువ నాటకం చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. అందులోని నలుగురు సైనికులూ క్రూరులుగా కాక విసుగెత్తిన పనివాళ్లలా మాట్లాడుకుంటారు. శిలువకి కొట్టిన బెజ్జాలు కొలతకి సరిపోలేదని ఒకణ్ణొకడు తిట్టుకుంటారు. చేతులు బెజ్జాల దాకా అందకపోతే తాడు కట్టి లాగుతారు. మేకులు చేసేవాళ్లు ఆ మాటలు పలుకుతుంటే చూస్తున్నవాళ్లకి ఒళ్లు ఎలా జలదరించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

విజయనగరం సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఈ పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను కంటే ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కదులుతాయి. వల వచ్చేది బెస్తవారి తరఫునే. ఊరి వేడుకలో ఎవరి వృత్తి గుర్తుని వాళ్లు మోసుకొస్తారు. యార్క్‌లో జరిగింది దాదాపు ఇదే.

బండి మీద ఏముండేదో కూడా మనకి తెలుసు. బైబిలు ప్రళయ ఘట్టం, అంటే దేవుడి తుది తీర్పు, యార్క్‌లో బట్టల వర్తకుల సంఘానిది. ఊళ్లో అందరికంటే డబ్బున్నవాళ్లు వాళ్లే కనక ముగింపు ఘట్టం వాళ్లకి దక్కింది. 1433లో ఆ సంఘం తన బండి సామాను మొత్తాన్నీ ఒక ఒప్పందపత్రంలో రాయించింది. ‘నాలుగు చక్రాల ప్యాజెంట్ ఒకటి’ అన్నది మొదటి వస్తువు. మాట అర్థం మీద ఇంతకంటే తిరుగులేని సాక్ష్యం అక్కర్లేదు. తర్వాత నరకం నోరు. ముగ్గురు దయ్యాలకి మూడు జతల దుస్తులు, మూడు ముసుగుల్లో ఆరు దయ్యం ముఖాలు. చివర్లకి ఇనుము బిగించిన దేవదూత రెక్కలు రెండు జతలు. ఒక మబ్బు. కొయ్యతో చేసిన ఇంద్రధనుస్సు ముక్కలు రెండు. దేవుడికి గాయాలు వేసిన చొక్కా, కిరీటం, బంగారు పూత పూసిన ముసుగు. ఆయన కూర్చుని స్వర్గానికి లేవడానికి ఇనుప పీట, దానికి నాలుగు మూలలా నాలుగు తాళ్లు. చివర్లో నాకు బాగా నచ్చిన పద్దు: స్వర్గంలో పరుగులెత్తడానికి ఎర్రరంగు వేసిన చిన్న దేవదూతలు తొమ్మిది, వాళ్లని పరిగెత్తించడానికి పొడవాటి సన్నతాడు ఒకటి.

ఈ రాత అచ్చం మన నాటక సమాజాల పెట్టె సామాను చిట్టాలా ఉంటుంది. ఇంగ్లండ్‌లోనే ఇంకో ఊరు కొవెంట్రీలో ఇదే తీర్పు ఘట్టం వేసిన బట్టల వర్తకుల లెక్కల్లో ‘ప్రపంచానికి నిప్పు పెట్టినందుకు 5 పెన్నీలు’ అని కనిపిస్తుంది. ప్రళయానికి కూడా రసీదు ఉంది.

ఇక మాట పుట్టుక. ఇక్కడే పండితులకి సయోధ్య లేదు. ‘పుట’ అనే అర్థం ఉన్న పాజినా ‘బండి’ ఎలా అయింది? ఒక దారి ఇది: ఒక్కో సంఘానికి దాని నాటకం రాసిన కాగితాలు ఇచ్చేవారు, ఆ పుటే ‘మా పాజినా’ అయింది, క్రమంగా ఆ ఘట్టానికీ, దాన్ని ఆడే వేదికకీ, వేదికని మోసే బండికీ అదే పేరు దిగింది. రెండో దారి ధాతువు నుంచి వస్తుంది. పాజినాకి మూలం ‘పాంగెరె’ అనే లాటిన్ క్రియ. బిగించడం, పాతడం, కలిపి కట్టడం దాని అర్థం. పుట కూడా అక్షరాల్ని వరుసగా బిగించిన చట్రమే. అలాగే పలకలు బిగించి కట్టిన మంచెని పాజినా అన్నారని, అది పుస్తకం మీదుగా రావలసిన పనే లేదని కొందరి వాదన. ఈ పాంగెరె కుటుంబం చాలా పెద్దది. ఇంగ్లిష్‌లో ఒప్పందానికి చెప్పే ‘ప్యాక్ట్’, శాంతికి చెప్పే ‘పీస్’ అందులోవే. సంస్కృతంలో తాడుకీ ఉచ్చుకీ చెప్పే ‘పాశం’ కూడా అదే మూలానిదని భాషాశాస్త్రజ్ఞులు లెక్కగడతారు. యముడి చేతిలోని పాశానికీ యార్క్‌లో దేవుణ్ణి పైకి లేపిన బండికీ ఎక్కడో చుట్టరికం ఉందన్నమాట.

నాటకం ఘట్టం, దాన్ని ఆడే బండి అనే రెండర్థాలూ 14వ శతాబ్దం చివర్లో ఇంచుమించు ఒకేసారి రాతల్లో కనిపిస్తాయి. అందుకే ఏది ముందో ఎవరూ తేల్చలేకపోయారు. దొరికిన వాటిలో పాతదైన 1376 పద్దు బండి వైపే మొగ్గుతోంది. అయితే మనకి దొరికిన పాతదే జనం వాడినవాటిలో మొదటిది కావాలని ఎక్కడా లేదు. నా వరకు రెండో దారిలోనే బలం ఎక్కువ కనిపిస్తుంది. ఊళ్లోవాళ్లలో ఎక్కువమంది నాటకం కాగితాల్ని జన్మలో చూసి ఉండరు. బండిని మాత్రం ఏటా చూశారు. వస్తువుల పేర్లు జనం పెట్టేవే నిలుస్తాయి.

చివర ఉన్న ‘ట్’ మాత్రం ఎవరూ కోరకుండా వచ్చి కూర్చున్నది. పాజినాలో ట లేదు. ‘న్’తో ముగిసే కొన్ని మాటలకి ఇంగ్లిష్‌వాళ్ల నాలుక అప్పట్లో ఒక ‘ట్’ తగిలించేది. ఫ్రెంచి ‘ఆన్సియెన్’ ఇంగ్లిష్‌లో ‘ఏన్షెంట్’ అయింది, ‘పైజాన్’ కాస్తా ‘పెజెంట్’ అయింది. ప్యాజెంట్‌దీ అదే దారి.

బండి తిరుగుతున్న రోజుల్లోనే మాటకి ఇంకో అర్థం మొలిచింది. ‘ప్యాజెంట్ ఆడటం’ అంటే ఎదుటివాణ్ణి బురిడీ కొట్టించడం. మనం ‘ఏంట్రా, వేషాలేస్తున్నావా?’ అంటాం చూడండి, సరిగ్గా అదే. అంటే వెటకారం ఈ మాటకి తర్వాత అంటుకున్న మచ్చ కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

బండ్లు ఎందుకు ఆగాయి? మతం మారింది. ఇంగ్లండ్ పోప్ నుంచి విడిపోయాక 1548లో కార్పస్ క్రిస్టీ పండగనే రద్దు చేశారు. నాటకాలు కొన్నాళ్లు మొండిగా సాగాయి గానీ, కొత్త మతాధికారులకి అందులో పాత కథోలిక వాసన తగిలింది. యార్క్‌లో ఆఖరి ఆట 1569లో. చెస్టర్‌లో 1575లో. కొవెంట్రీలో 1579లో. చెస్టర్ బండ్ల గురించి ఆ తరువాత తరంలో రోజర్స్ అనే ఇంటివాళ్లు రాసిపెట్టిన వర్ణన ఉంది: కింద ఒక గది, పైన ఒక గది, కింది గదిలో నటులు వేషాలు వేసుకుంటారు, పై గది తెరిచి ఉంటుంది, అక్కడ ఆడతారు. ఆ వర్ణన ప్రతుల్లోనే బండికి ఒకచోట నాలుగు చక్రాలు, ఇంకోచోట ఆరు. చూసినవాళ్లు పోయాక చక్రాల లెక్క కూడా కుదరలేదు.

బండి పోయినా మాట పోలేదు. ఇల్లు ఖాళీ చేసి రాజులూ కోటీశ్వరులూ ఉండే పేటకి మారింది. రాజో రాణో లండన్‌లోకి ఊరేగింపుగా వచ్చేటప్పుడు దారి పొడవునా తోరణాలు కట్టి, వాటి మీద మనుషుల్ని రకరకాల వేషాల్లో నిలబెట్టే ఆచారం ముందు నుంచే ఉంది. వాటినీ ప్యాజెంట్లే అనేవారు. 1559 జనవరి 14న మొదటి ఎలిజబెత్ పట్టాభిషేకానికి ముందు రోజు ఊరేగితే, ఒక మజిలీలో ‘కాలం’ కూతురు ‘సత్యం’ వేషంలో ఉన్న పిల్ల ఇంగ్లిష్ బైబిలుని రాణికి అందించింది. రాణి దాన్ని ముద్దు పెట్టుకుని గుండెకి హత్తుకుంది. మత రాజకీయం మొత్తం ఆ ఒక్క చేష్టలో ఉంది. ఇక్కడ తేడా గమనించాలి. యార్క్‌లో బండి కదిలేది, జనం నిలబడేవారు. ఇప్పుడు ప్యాజెంట్ నిలబడింది, కదిలేది రాణి. చూపు బండి మీద నుంచి రాణి మీదికి మళ్లింది.

షేక్‌స్పియర్ కాలానికి మాట పూర్తిగా సాగిపోయింది. సరుకు నింపుకుని తెరచాపలెత్తిన ఓడలు ఆయనకి సముద్రం మీది ప్యాజెంట్లు. ‘ద టెంపెస్ట్’లో ప్రాస్పెరో తాను మంత్రంతో చూపించిన వినోదం మాయమైనప్పుడు ప్రపంచమంతటినీ కలిపి పదార్థం లేని ప్యాజెంట్ అంటాడు. ఇనుప పీట, తాళ్లు, చక్రాలు ఉన్న మాటని ‘పదార్థం లేనిది’ అనగలిగారంటే రెండు తరాల్లో అది ఎంత దూరం జరిగిందో చూడండి. ‘ప్యాజెంట్రీ’ అనే రూపం కనిపించేది కూడా ఈ రోజుల్లోనే. 1609లో అచ్చయిన ‘పెరిక్లిస్’ నాటకంలో ఉంది. ఇంగ్లిష్‌లో ‘రీ’ చేరిస్తే విడి వస్తువు కాస్తా రాశి అయిపోతుంది. జ్యుయెల్ అంటే ఒక నగ. జ్యుయెలరీ అంటే నగలు మొత్తంగా. ప్యాజెంట్‌ని లెక్కపెట్టొచ్చు: ఒకటి, రెండు, మూడు. ప్యాజెంట్రీని లెక్కపెట్టలేం, అది గాలిలో ఉండే హంగు. తోయడానికి బండి మిగలని ఊళ్లలోనే ఈ రూపం అవసరమైందని నా అనుమానం.

తర్వాతి రెండు శతాబ్దాలూ వేగంగా దాటేయొచ్చు. ఆర్భాటం గిట్టని ప్రొటెస్టంట్లైన ప్యూరిటన్లకీ ఆ తర్వాతి హేతువాదులకీ ఇది తిట్టు కింద పనికొచ్చింది.

బ్రిటిష్ రాచరికానికి ఈ విద్య పుట్టుకతో వచ్చిందనేది మాత్రం నిజం కాదు. డేవిడ్ కానడైన్ అనే చరిత్రకారుడు 1983లో ఒక వ్యాసంలో దీన్ని బాగా తవ్వాడు. 19వ శతాబ్దం చివరి దాకా వాళ్ల రాజ వేడుకలు అడుగడుగునా తప్పులతో నడిచేవని ఆయన చూపించాడు. 1838లో విక్టోరియా పట్టాభిషేకమే తీసుకోండి. చిటికెన వేలికి చేయించిన ఉంగరాన్ని ఆర్చిబిషప్ పక్క వేలికి బలవంతంగా ఎక్కించాడు. లార్డ్ రోల్ అనే ముసలాయన నమస్కరించడానికి వెళ్తూ మెట్ల మీద నుంచి దొర్లాడు. ఇంకో బిషప్ పూజా గ్రంథంలో ఒకేసారి రెండు పుటలు తిప్పేసి, అయిపోయిందని రాణిని పంపేశాడు; మళ్లీ వెనక్కి పిలిపించారు. వాళ్ల ప్యాజెంట్రీ పుట దగ్గరే తప్పింది.

ఇప్పుడు మనం చూసే నిర్దుష్టమైన హంగు 1870ల తర్వాత పని కట్టుకుని తయారు చేసుకున్నది. రాజుకి అసలు అధికారం తగ్గేకొద్దీ వేడుక పెరిగింది. వాల్టర్ బేజట్ అనే పత్రికా రచయిత 1867లోనే ప్రభుత్వాన్ని రెండు ముక్కలు చేసి చెప్పాడు: పని చేసే భాగం ఒకటి, జనానికి గౌరవం పుట్టించే భాగం ఇంకొకటి. రాచరికాన్ని ఈ రెండో దాంట్లో పెట్టాడు. అతి పాత ఆచారంలా కనిపించేవాటిలో కొన్ని ఎంత కొత్తవో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1901 ఫిబ్రవరిలో విండ్సర్‌లో విక్టోరియా శవపేటికని మోసే ఫిరంగి బండికి కట్టిన గుర్రాలు మొరాయించి, జీను పట్టీలు తెగాయి. పక్కనున్న నావికుల చేత తాళ్లు పట్టించి లాగించారు. అప్పటికప్పుడు గట్టెక్కడానికి చేసిన పని అది. తర్వాతి రాజులకి అదే ఆచారమైంది. 2022లో రెండో ఎలిజబెత్ శవపేటికని 142 మంది నావికులు అడుగు తప్పకుండా లాగుతుంటే ప్రపంచం టీవీల ముందు కూర్చుని వెయ్యేళ్ల సంప్రదాయం అనుకుంది.

కొత్తగా కుట్టుకున్న ఈ చొక్కాని వాళ్లు తొడిగి చూసుకున్న చోట్లలో మన దేశం ఒకటి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించే దర్బారుని వైస్రాయ్ లిట్టన్ జరిపించాడు. తూర్పుకి వెళ్లేకొద్దీ నాలుగు జెండాగుడ్డలకి విలువ పెరుగుతుందన్నది ఆయన సిద్ధాంతం. మన రాజులకి యూరప్ పద్ధతిలో వంశచిహ్నాలు గీయించి, పట్టుజెండాల మీద కుట్టించి పంచిపెట్టాడు. పదేళ్ల నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ని సాలార్ జంగ్ వెంటబెట్టుకుని వెళ్లాడు. ఈ ఘట్టాన్ని బొమ్మ వేయమని పిలిపించిన ఇంగ్లిష్ చిత్రకారుడు వాల్ ప్రిన్సెప్ మంటపాలు చూసి బెంబేలెత్తాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ని మించిన వికారమని రాసుకున్నాడు. ఆ రోజుల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. మన పెద్దల నోళ్లలో అది ‘ధాత కరువు’గా నిలిచింది. 1876–77 ధాత నామ సంవత్సరం. అదే సంవత్సరం ఢిల్లీలో అన్ని ఏనుగులకి మేత దొరికింది. ప్యాజెంట్రీ అనే మాటలో వైభవం అనే అర్థమూ బోలు అనే అర్థమూ ఎందుకు పక్కపక్కనే కాపురం చేస్తాయో తెలుగువాళ్లకి వేరే పాఠం అక్కర్లేదు.

1911 డిసెంబరు 12 దర్బారుకి అయిదో జార్జి స్వయంగా వచ్చాడు. కొత్తగా గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సంస్థానాధీశుల్లో అందరికంటే ముందు వెళ్లి వంగి నమస్కరించాడు. బరోడా గైక్వాడ్ ఒక్కసారి తల వంచి వెనుదిరిగితే అది అవమానమని పెద్ద రభస అయింది. వెనక్కి నడవాలా, తిరిగి నడవాలా అన్నది సామ్రాజ్య సమస్య. ఆ వెంటనే 1912 జనవరిలో కలకత్తా మైదానంలో రాజదంపతుల కోసం ‘ప్యాజెంట్’ అనే పేరుతోనే ఒక భారీ ప్రదర్శన పెట్టారు. దాన్ని నడిపించడానికి ఇంగ్లండ్ నుంచి ఫ్రాంక్ లాసెల్స్ అనే ఆయన్ని రప్పించారు. అప్పటికి ఇంగ్లండ్‌లో అది ఒక వృత్తే అయిపోయింది.

ఎలా అంటే, 1905లో డోర్సెట్‌లోని షెర్బోర్న్ అనే చిన్న ఊరికి 1200 ఏళ్లు నిండాయి. లూయీ నెపోలియన్ పార్కర్ అనే నాటకకర్త అక్కడి పాడుబడ్డ కోటలో 900 మంది ఊరివాళ్ల చేత ఊరి చరిత్రనే ఆడించాడు. జీతానికొచ్చే నటులు వద్దన్నాడు. దుస్తులు ఊళ్లోనే కుట్టాలన్నాడు. మూడు శతాబ్దాలకి పైగా గడిచాక ప్యాజెంట్ మళ్లీ ఊరివాళ్ల చేతికొచ్చింది. ఇది అంటువ్యాధిలా పాకి ఊరూరా ప్యాజెంట్లు మొదలయ్యేసరికి పత్రికలవాళ్లు ‘ప్యాజెంటైటిస్’ అని జబ్బు పేరే పెట్టారు. అట్లాంటిక్ దాటాక దానికి ఇంకో రంగు వచ్చింది. 1913 జూన్ 7న న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్యాటర్సన్ పట్టుమిల్లుల కార్మికులు, ఇంకా సమ్మెలో ఉండగానే, తమ సమ్మెని తామే ఆడి చూపించారు. వెయ్యిమందికి పైగా కార్మికులు వేదికెక్కారు. హాలు నిండింది. లెక్క చూస్తే నష్టమే మిగిలింది, సమ్మె కూడా ఓడింది. అయినా ఈ మాట చరిత్రలో నాకు యార్క్ బండ్ల తర్వాత అంతగా నచ్చిన ఘట్టం అదే.

మరి అందాల పోటీ? అది కూడా ఊరేగింపు లోంచే వచ్చింది. అమెరికా తూర్పు తీరంలోని అట్లాంటిక్ సిటీ బీచ్ ఊరు. సెప్టెంబరు రాగానే సెలవులైపోయి జనం వెళ్లిపోతారు, హోటళ్లు ఖాళీ. వాళ్లని ఇంకొన్నాళ్లు ఆపాలని 1920లో వ్యాపారులు ఒక ఉత్సవం పెట్టారు. సముద్రం ఒడ్డున చెక్కలు పరిచిన దారిలో, మనుషులు తోసే పేము కుర్చీ బండ్లు అలంకరించి వరుసగా ఊరేగించారు. 1921లో దానికి పత్రికలవాళ్లు ఫోటోలు చూసి ఎంపిక చేసిన అమ్మాయిల పోటీని జోడించారు. వాషింగ్టన్ నుంచి వచ్చిన 16 ఏళ్ల మార్గరెట్ గోర్మన్ గెలిచి బంగారు జలకన్య బొమ్మ పట్టుకెళ్లింది. అప్పుడు ప్యాజెంట్ అంటే ఉత్సవం మొత్తం. అమ్మాయిల పోటీ అందులో ఒక అంశం. కొన్నేళ్లలో ఆ అంశమే మిగతావాటిని మింగేసి పేరుని కూడా కాజేసింది. ఆ పోటీయే మిస్ అమెరికా. 2018లో దాని నిర్వాహకులు ఈతదుస్తుల రౌండు ఎత్తేస్తూ, ఇక తమది ప్యాజెంట్ కాదు, పోటీ అని ప్రకటించారు. దాదాపు వందేళ్లు మోసిన పేరు బరువైంది.

1951లో రెండు దారులూ ఒకేచోట కలిశాయి. యుద్ధం తర్వాత జనానికి కాస్త ఉత్సాహం తేవాలని బ్రిటన్ ఆ ఏడాది దేశమంతా ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’ జరిపింది. అందులో భాగంగానే యార్క్‌లో పాత బైబిలు నాటకాలని దాదాపు 400 ఏళ్ల తర్వాత బతికించారు. తర్వాత పెద్ద నటిగా పేరు తెచ్చుకున్న జూడీ డెంచ్, అప్పటికి ఇంకా చిన్నమ్మాయి, దేవదూత వేషం వేసింది. అదే ఉత్సవం సందర్భంగా లండన్‌లో ఎరిక్ మోర్లీ బికినీ పోటీ ఒకటి పెట్టాడు. అదే మిస్ వరల్డ్. ఒకే దేశం, ఒకే వేసవి, మాటకున్న అతి పాత అర్థమూ అతి కొత్త అర్థమూ.

ఆ మిస్ వరల్డ్ 72వ పోటీ 2025 మేలో హైదరాబాద్‌కి వచ్చింది. మే 31న హైటెక్స్‌లో థాయిలాండ్ అమ్మాయి ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీ కిరీటం పెట్టుకుంది. అంతకుముందు మూడు వారాలూ పోటీదారుల్ని చార్మినార్, రామప్ప గుడి, పోచంపల్లి, యాదగిరిగుట్ట తిప్పారు. రామప్ప దగ్గర స్థానిక మహిళల చేత అతిథుల కాళ్లు కడిగించారని పెద్ద దుమారం లేచింది. అతిథి మర్యాద అన్నవాళ్లున్నారు, ఆత్మగౌరవం మాటేమిటన్నవాళ్లున్నారు. పోటీ ఒక్క రాత్రిది. మిగతాదంతా ఊరిని ముస్తాబు చేసి ప్రపంచానికి చూపించే పని. మాట పాత అర్థంలో చూస్తే అసలు ప్యాజెంట్ అదే. అందులో నీళ్లు పోసేది ఎవరు, కాళ్లు చాపేది ఎవరు అన్న ప్రశ్న రావడం వింతేమీ కాదు.

తెలుగులో రాసేటప్పుడు దీనికి ఒకే సమానార్థకం వెతకడం దండగ. రాజుల విషయంలో ‘రాజలాంఛనాలు’ సరిపోతుంది. ఎత్తిపొడుపైతే ‘ఆర్భాటం’ కంటే మంచి మాట లేదు. మిస్ వరల్డ్ దగ్గర ‘అందాల పోటీ’ ఎలాగూ స్థిరపడింది. షెర్బోర్న్ లాంటి వాటిని ‘చరిత్ర ప్రదర్శన’ అంటే చాలు. అన్నిటికంటే పాతదైన బండి అర్థానికే కష్టమనుకుంటాం గానీ, దానికి మన పత్రికలు ఏటా జనవరి 26న రాస్తూనే ఉన్నాయి: ‘శకటాల ప్రదర్శన’. శకటం అంటే బండి. కృష్ణుడు తన్నిన శకటాసురుడిలోని శకటమే. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఏటికొప్పాక లక్క బొమ్మలు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర చెక్కి, లక్క రంగులద్దే వాళ్ల పనితనం బండెక్కి వెళ్లింది. 1433లో యార్క్ బట్టల వర్తకులకి దాన్ని చూపించి ఇదేమిటని అడిగి ఉంటే, తడుముకోకుండా ‘ప్యాజెంట్’ అని చెప్పేవాళ్లు.